పిచ్చుకకు వరికుచ్చు ఎందుకు?

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కొత్త వరికంకులను కుచ్చుగా అల్లి చూరుకో, గుడి మండపానికో వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి గింజలు తింటాయి. పొలంలో ధాన్యం తినిపోయే పిట్టకు మళ్లీ విందెందుకని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, తన కూనలకు ఎక్కువగా పురుగులే తెచ్చిపెడుతుంది. వాటిలో పంటను పాడుచేసేవీ ఉంటాయి. 1958లో చైనా ప్రభుత్వం పిచ్చుకలను (మన ఊరపిచ్చుకకు దగ్గరి చుట్టాలే) ధాన్యం దొంగలని ముద్రవేసి పెద్దఎత్తున చంపించింది. పురుగులు పెరిగిపోయాయి, పంటలు దెబ్బతిన్నాయి. 1960లో ఆ వేట ఆపక తప్పలేదు.

సరే, పిచ్చుక చేసే ఈ మేలుకు ఒక్క ‘థాంక్స్’ సరిపోదా? ఆ మాట ఆలోచించకుండానే అనేయొచ్చు. కుచ్చు అలా రాదు. ఎండిన కాడలు విరిగిపోతాయి కాబట్టి తడిపి మెత్తబరచాలి, గింజ రాలకుండా ఒక్కో పాయనూ మడిచి బిగించాలి. చిన్నపిల్లలు కంకులు ఏరి అందిస్తే పెద్దవాళ్లు అల్లుతారు. అంతసేపు చేతిలో ఉన్నాక, ఈ గింజ ఎవరు పండించారు, ఎవరికి పెడుతున్నామన్న మాట రాకుండా ఉండదు. పట్నంలో కంకులు దొరక్క అల్లిన కుచ్చే కొన్నా పిచ్చుకకేం తేడా ఉండదు; ఆ కబుర్లు మాత్రం మనకు తగ్గుతాయి. ఎక్కడ కట్టినా పిల్లికి అందని ఎత్తులో కట్టండి.