చేతితయారీ శుభాకాంక్షల పత్రాల్లో ఉబ్బెత్తు రూపకల్పన: ఆధారద్రవ్యాలు, జిగురుల ఎంపిక

వ్యాససంగ్రహం:

చేతితో తయారుచేసే శుభాకాంక్షల పత్రానికి ఉబ్బెత్తు రూపం కల్పించడంలో రెండు వేరువేరు పనులు ఇమిడి ఉన్నాయి. పై పొరను అడుగు కాగితం నుండి కొంత ఎత్తులో నిలబెట్టడం మొదటి పని. ఆ పొరలు విడిపోకుండా పట్టి ఉంచడం రెండో పని. మొదటిది ఆధారద్రవ్యం చేయవలసింది, రెండోది జిగురు చేయవలసింది. ఈ రెండు పనులనూ జిగురుకే అప్పగించినప్పుడు కాగితం వంకరపోవడం, మరకలు తేలడం, పొరలు జారిపోవడం వంటి లోపాలు తలెత్తుతాయి. ఏ ఆధారద్రవ్యానికి ఏ జిగురు పొసగుతుందో, ఎందుకు పొసగుతుందో కారణసహితంగా వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: శుభాకాంక్షల పత్రాలు, కాగితపు కళ, ఆధారద్రవ్యం, జిగురు, లై, మక్కు, పత్ర పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:

1843లో ఇంగ్లండులో హెన్రీ కోల్ కోరికపై జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చిత్రించిన క్రిస్మస్ పత్రం, వాణిజ్యపరంగా అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డుగా ప్రసిద్ధి పొందింది. అది బల్లపరుపుగా ఉన్న అచ్చుబొమ్మ మాత్రమే. పత్రానికి లోతు కల్పించే పద్ధతికి పేరు తెచ్చినవారిలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ నగరానికి చెందిన ఎస్తర్ హౌలండ్ (1828–1904) ముఖ్యురాలు. ఆమె తయారుచేయించిన ప్రేమికుల దినోత్సవ పత్రాల్లో జాలీ కాగితం కింద రంగుకాగితం పెట్టి, పై పొరను విసనకర్ర మడతలు వేసిన చిన్న కాగితపు పట్టీలపై ఎత్తి నిలిపేవారు. ఇక్కడ ఎత్తును ఇచ్చింది మడతపట్టీ. జిగురు ఆ పట్టీ రెండు కొసలను పట్టి ఉంచడం వరకే పరిమితమైంది. ఈ పని విభజనే ఉబ్బెత్తు పత్ర నిర్మాణానికి మూలసూత్రమని చెప్పవచ్చు.

ఈ విషయం కేవలం అలంకారానికి సంబంధించినది కాదు. శుభాకాంక్షల పత్రంలో అలంకరణ ఎంత ఉన్నా, దాచుకోదగినది లోపల ఉన్న చేతిరాతే. తడి ఎక్కువైన జిగురు కాగితంలోకి ఇంకితే, నీటిలో కరిగే కలం సిరా అలుక్కుపోతుంది. పాత అతుకు టేపు కాలక్రమంలో గోధుమరంగు మరకై అక్షరాలను కమ్ముతుంది. అందువల్ల జిగురు ఎంపిక ఒక వ్యక్తిగత పత్రం ఎంతకాలం చదవదగినదిగా ఉంటుందన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.

2. ఎత్తునిచ్చే ఆధారద్రవ్యాలు:

2.1. అడుగు కాగితం: ఉబ్బెత్తు భాగాల బరువంతా మోసేది అడుగు కాగితమే. జిరాక్సుకు వాడే కాగితం సాధారణంగా చదరపు మీటరుకు 70 నుండి 80 గ్రాముల బరువు ఉంటుంది. రెండు మూడు పొరలు అతికించగానే అది కుంగిపోతుంది. 250 నుండి 300 గ్రాముల కార్డు షీటు ఈ పనికి అనువైనది. యంత్రంపై తయారైన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకొని ఉంటుంది. తడి తగిలినప్పుడు కాగితం పీచు పొడవు వెంట కంటే దానికి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. పత్రం మడత పీచుదిశ వెంట ఉంటే మడత చిట్లదు. అతికించే పొరల పీచుదిశ కూడా ఒకటే అయితే వంకర తగ్గుతుంది.

2.2. కాగితపు ఆధారాలు: మడతపట్టీ, ఒకదానిపై ఒకటి పేర్చిన అట్టముక్కలు, ముడతల అట్ట, క్విల్లింగ్ చుట్టలు ఈ కోవలోనివి. ఇవి అడుగు కాగితం లాగానే తేమకు సాగి, ఎండకు కుదించుకుంటాయి కాబట్టి అతుకు మీద ఒత్తిడి తక్కువ. క్విల్లింగ్‌లో 3 లేదా 5 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీని నిలువుగా చుట్టి అంచుపై నిలబెడతారు. పట్టీ వెడల్పే బొమ్మ ఎత్తు అవుతుంది.

2.3. కృత్రిమ ఆధారాలు: ఫోమ్ షీటు, ఫోమ్ టేపు, థర్మోకోల్ ఈ కోవకు చెందుతాయి. వీటితో ఎత్తు అంతటా సమానంగా వస్తుంది, బరువు కూడా తక్కువ. అయితే ఇవి నీటిని పీల్చవు. ఈ ఒక్క గుణమే జిగురు ఎంపికను పూర్తిగా మార్చివేస్తుంది.

3. జిగురులు – పనిచేసే తీరు:

3.1. నీటి ఆధారిత జిగురులు: మైదాపిండిని ఉడికించి చేసే లై, తుమ్మబంక, ఫెవికాల్ వంటి తెల్లజిగురు ఈ వర్గంలోనివి. వీటిలోని నీరు కాగితంలోకి ఇంకి, ఆవిరైపోయిన తరువాతే అతుకు గట్టిపడుతుంది. లైలో అత్యధిక భాగం నీరే. తెల్లజిగురులో కూడా దాదాపు సగం నీరు ఉంటుంది. విశాలమైన కాగితమంతా పూస్తే అది సాగి, ఆరేటప్పుడు కుదించుకొని వంకరపోతుంది. పుస్తకాల బైండింగు చేసేవారు అట్టకు ఒకవైపు కాగితం అతికించినప్పుడు రెండోవైపు కూడా మరో కాగితం అతికిస్తారు. రెండువైపులా లాగుడు సమానమై అట్ట చదునుగా నిలుస్తుంది. పత్ర నిర్మాణంలోనూ ఈ పద్ధతి ఉపకరిస్తుంది.

3.2. ఒత్తిడితో అంటుకునే జిగురులు: డబుల్ సైడెడ్ టేపు, ఫోమ్ టేపు ఈ వర్గానివి. తడి లేదు కాబట్టి కాగితం వంకరపోదు, సిరా చెదరదు. కానీ ఈ జిగురు ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. నిరంతర బరువుకు, వేడికి మెల్లమెల్లగా జారుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలుగు ప్రాంతాల్లో గోడకు నిలువుగా తగిలించిన పత్రం నుండి బరువైన అలంకరణ కిందికి జారడానికి ఇదే కారణం. వీటిలో రబ్బరు ఆధారిత జిగురు గాలి తగిలి పసుపెక్కుతుంది. యాక్రిలిక్ జిగురు అంతకంటే ఎక్కువకాలం మన్నుతుంది.

3.3. కరిగించి వాడే జిగురు: గ్లూ గన్‌లో పెట్టే జిగురు కడ్డీ సుమారు 120 నుండి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగి, చల్లారగానే పట్టుకుంటుంది. వేగం దీని సుగుణం. కాగితంలోకి ఇంకదు కాబట్టి పైపైనే పట్టు నిలుస్తుంది. పత్రం వంగినప్పుడు జిగురు ముద్ద ఊడివస్తుంది. పలుచని కాగితం వెనుక అది గడ్డలా కనిపిస్తుంది.

3.4. ద్రావణి ఆధారిత జిగురులు: రబ్బరును రసాయన ద్రావణిలో కరిగించిన ఈ జిగురులు థర్మోకోల్‌ను కరిగించి గుంటలు చేస్తాయి. పత్ర నిర్మాణంలో వీటి అవసరం చాలా తక్కువ.

4. కొండపల్లి మక్కు – ఒక పోలిక:

ఎత్తు, పట్టు రెండింటినీ ఒకే పదార్థం ఇచ్చే సందర్భం తెలుగువారి హస్తకళల్లోనే ఉంది. కొండపల్లి బొమ్మల తయారీలో తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన భాగాలను ‘మక్కు’తో అతికిస్తారు. చింతగింజల పిండి ముద్దకు రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. చింతపిండి పట్టునిస్తుంది, పొట్టు పరిమాణాన్నిస్తుంది. అంటే పేరుకు ఒకటే పదార్థమైనా, అందులోనూ జిగురు, ఆధారద్రవ్యం వేరుగానే ఉన్నాయి. మక్కు ఆరి బిగుసుకుంటుంది. కర్ర కూడా వంగదు. అందుకే అక్కడ ఆ కలయిక నిలుస్తుంది. మడిచి తెరిచే కాగితంపై అదే మక్కు పెడితే, దాని తడికి కాగితం ఉబ్బుతుంది, ఆరాక వంగినప్పుడు మక్కు పగులుతుంది. పదార్థం మంచిదా కాదా అన్నది అది ఆనుకొని ఉన్న ఉపరితలాన్ని బట్టి నిర్ణయం కావాలని ఈ పోలిక ద్వారా అవగతమవుతుంది.

5. ఆధారద్రవ్యానికి తగిన జిగురు:

1. విశాలమైన కాగితం మీద కాగితం: అంచుల వెంట, మధ్యలో డబుల్ సైడెడ్ టేపు. జిగురే వాడవలసివస్తే పలుచగా పూసి, ఆరేవరకు బరువు కింద ఉంచాలి.

2. మడతపట్టీలు, క్విల్లింగ్ చుట్టలు: సూదిమొనతో అంచులకు తాకించిన తెల్లజిగురు. అతికే చోటు తక్కువ కాబట్టి నీరు కూడా తక్కువే చేరుతుంది. వీటిపై బరువు పెడితే ఎత్తు అణిగిపోతుంది. ఆరేవరకు చేతితో పట్టి ఉంచడం మేలు.

3. ఫోమ్ షీటు: యాక్రిలిక్ జిగురు టేపు. తెల్లజిగురులోని నీరు ఫోమ్‌లోకి ఇంకదు, కాగితం వైపు నుండి మాత్రమే బయటపడాలి. అందువల్ల చాలాసేపు ఆరదు, ఈలోగా కాగితం ఉబ్బుతుంది.

4. థర్మోకోల్: కొద్దిపాటి తెల్లజిగురు, ఓపికగా ఆరబెట్టడం. ఎక్కువ వేడి గల గ్లూ గన్ దాన్ని కరిగిస్తుంది.

5. ట్రేసింగ్ కాగితం: తడి తగిలితే ముడతలు పడుతుంది, జిగురు బయటికి కనిపిస్తుంది. పైన మరో అలంకరణ వచ్చే చోట మాత్రమే టేపుముక్క పెట్టాలి.

6. గుండీలు, పూసలు, అద్దపు బిళ్లలు: దారంతో కుట్టడం అన్నిటికంటే నమ్మకమైనది. కుట్టు వీలుకానప్పుడే చిక్కని జిగురు లేదా గ్లూ గన్.

6. కాలపరీక్ష:

సంప్రదాయ జిగురులన్నీ మేలైనవనీ, కృత్రిమమైనవన్నీ చెడ్డవనీ అనుకోవడం సరికాదు. లై పురుగులకు ఆహారం. అందుకే బైండింగు పనివారు అందులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. మైలుతుత్తం విషపదార్థం కాబట్టి పిల్లలతో చేయించే పనుల్లో వాడరాదు. మరోవైపు, శుభ్రమైన పిండిజిగురు తడిపితే మళ్లీ విడివడుతుంది. గ్రంథ పరిరక్షకులు దాన్ని ఆదరించడానికి ఇదొక ప్రధాన కారణం. తెల్లజిగురు ఎండిన తరువాత అంత సులభంగా విడివడదు. అతుకు ఎప్పుడూ కాగితం కంటే బలహీనంగా ఉండాలన్నది పరిరక్షణ శాస్త్రంలో పాటించే నియమం. అలా ఉన్నప్పుడు, లాగుడు ఎదురైతే అతుకు ఊడుతుంది, కాగితం చిరగదు. ఊడిన అతుకును తిరిగి వేయవచ్చు, చిరిగిన రాతను తిరిగి తేలేము.

కాబట్టి దాచదగిన పత్రంలో చేతిరాతను విడి కాగితంపై రాసి, ఆమ్లరహితమైన ఆ కాగితాన్ని నాలుగు మూలల చీలికల్లో దూర్చడం ఉత్తమమైన పద్ధతి. అప్పుడు అలంకరణ శిథిలమైనా రాత నిలుస్తుంది.

7. ముగింపు:

ఉబ్బెత్తు పత్ర నిర్మాణంలో ఎత్తు ఆధారద్రవ్యం నుండి, పట్టు జిగురు నుండి రావాలి. ఆధారద్రవ్యం నీటిని పీలుస్తుందా లేదా, పత్రం వంగుతుందా లేదా, అలంకరణ ఎంత బరువు, పత్రం ఎంతకాలం నిలవాలి అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే తగిన జిగురు తనంతట తానే తేలుతుంది. కళాశాలల్లో హస్తకళా తరగతులను నిర్వహించే అధ్యాపకులు పదార్థాల జాబితాకు ముందు ఈ నాలుగు ప్రశ్నలను విద్యార్థుల ముందుంచడం ప్రయోజనకరం. కొత్త పదార్థం బజారులోకి వచ్చిన ప్రతిసారీ జాబితా మారుతుంది. ఈ ప్రశ్నలు మాత్రం మారవు.