ఎదిగిన చేతుల్లో బొమ్మలు

ఆటిజం ఉన్న పిల్లలు పెరిగి పెద్దవారయ్యాక కూడా చిన్ననాటి కార్టూన్లను, బొమ్మలను వదలకపోతే, మీసాలొచ్చినా ఇంకా బొమ్మలాటేనా అన్న మాట ఇంటా బయటా వినిపిస్తుంది. ఆ మాటకు జంకిన తల్లిదండ్రులు చుట్టాలు వచ్చే వేళకు టీవీ కట్టేసి, బొమ్మలను బీరువాలోకి తోసేస్తారు. వారి దిగులు అర్థం చేసుకోదగినదే గాని, దాచవలసినంత తప్పు ఆ ఇష్టంలో లేదు.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో మొదటినుంచీ ఉండే భిన్నత్వం. అది బాల్యంతో ముగిసిపోయే జబ్బు కాదు, జీవితాంతం ఉండే స్వభావం. 1943లో అమెరికాలో 11 మంది పిల్లలను పరిశీలించి దాన్ని వర్ణించిన లియో కానర్, పరిసరాలు మారకుండా ఉండాలన్న గాఢమైన పట్టుదలను వారిలో ముఖ్య లక్షణంగా గుర్తించాడు. ఒకే విషయం మీద నిలిచే తీవ్రమైన ఆసక్తిని, వెలుగు, శబ్దం, స్పర్శ వంటివాటికి మితిమీరిన లేదా మందమైన స్పందనను 2013లో వెలువడిన అమెరికన్ మనోవైద్య వర్గీకరణ కూడా ఆటిజం లక్షణాల్లో చేర్చింది. వైద్యుల పట్టికలో లక్షణంగా కనిపించే ఆ ఆసక్తే, దాన్ని అనుభవించే మనిషికి రోజులోకెల్లా హాయైన సమయం కావచ్చు.

హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేయగా, 2008లో పోగో చానల్‌లో మొదలైన ‘ఛోటా భీమ్’ను అప్పట్లో ఐదారేళ్ల వయసులో చూసినవారు ఇప్పుడు ఇరవై దాటారు. అందులో భీమ్ లడ్డూ నోట్లో వేసుకోవడం, ఒంట్లోకి బలం రావడం, ఎదుటివాడు మట్టికరవడం ఒకదాని వెంట ఒకటిగా, ప్రతిసారీ అదే వరుసలో వస్తాయి. కోపం వస్తే ముఖమంతా కోపమే, సంతోషం వస్తే ముఖమంతా సంతోషమే. నిజ జీవితంలో పెదవి నవ్వుతుండగా కళ్లు విసుక్కునే మనుషుల మధ్య రోజంతా తికమకపడి వచ్చిన యువకుడికి ఈ స్పష్టత ఎంత ఊరటో ఊహించవచ్చు. అతడు ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు, పాత్రల మాటలను అదే గొంతుతో, అదే విరుపుతో అప్పజెబుతాడు. విన్న మాటలను ఇలా తిరిగి పలకడాన్ని నిపుణులు ఎకోలేలియా అంటారు. అది అర్థంలేని వల్లెవేత అని ఒకప్పుడు భావించినా, చాలాసార్లు అందులో అడగడం, చెప్పుకోవడం, తనను తాను ఓదార్చుకోవడం ఉంటాయని ఇప్పుడు గుర్తించారు. దాదాపు మూడేళ్ల వయసులో మాటలు కోల్పోయిన ఓవెన్ సస్కిండ్ అనే అమెరికన్ బాలుడితో, అతడికి కంఠతా వచ్చిన డిస్నీ చిత్రాల సంభాషణల ద్వారానే కుటుంబం మాట కలిపిన తీరును తండ్రి రాన్ సస్కిండ్ 2014లో పుస్తకంగా రాశాడు.

చూసిందే చూడటంలో ఏముందని అడిగేవారికి చిత్తూరు పల్లెల్లోనే జవాబు ఉంది. ధర్మరాజు, ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాధారణంగా 18 రోజులు సాగుతాయి. చివర మట్టితో మలిచిన భారీ దుర్యోధనుడి తొడ మీద భీమవేషధారి గద దెబ్బ పడుతుందని తెలియనివారు ఆ జనంలో ఒక్కరూ ఉండరు, అయినా మరుసటేడూ తరలివస్తారు. తెలిసిన కథ తెలిసినట్టే జరగడంలోని తృప్తి ఊరందరికీ భక్తి, వేడుక అయినప్పుడు, ఒంటరిగా ఒక గదిలో అదే తృప్తి పొందే యువకుడికి మాత్రం అది రోగమెలా అవుతుంది?

బొమ్మల సంగతీ అంతే. తెలుగునాట సంక్రాంతికి, తమిళ సరిహద్దు ఇళ్లలో దసరా నవరాత్రులకు పెట్టే బొమ్మల కొలువులో, వయసు మళ్లిన ఇల్లాళ్లు కూడా బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తిరుపతిలో పేరుమోసిన ఎర్రచందనపు జంట బొమ్మలకు చీర, పంచె చుట్టి, ఏది ఎక్కడ ఉండాలో పట్టింపుగా సర్దుతారు. ఆటిజం ఉన్నవారు రంగుల ప్రకారం కార్లను బారుగా పేర్చడంలోనూ, నున్నటి కొయ్యను వేళ్లతో పదేపదే నిమరడంలోనూ అదే శ్రద్ధ ఉంది.

దీనికి ఎదురువాదమూ ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వికలాంగులను ఎంత వయసొచ్చినా పసివాళ్లుగానే చూసిన రోజుల్లో, వారికి వయసుకు తగిన దుస్తులు, వస్తువులు, పనులు ఉండాలని వుల్ఫ్ వుల్ఫెన్స్‌బర్గర్ అనే పండితుడు 1972లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. సమాజం చులకన చేయకుండా కాపాడటమే ఆయన ఉద్దేశం. కాని ఆ సూత్రం వాడుకలో మొరటుబారి, నలభై ఏళ్ల మనిషి చేతిలోంచి అతడికిష్టమైన బొమ్మను లాక్కోవడానికి సాకుగా మారింది. ఎదిగిన మనిషికి దక్కవలసిన గౌరవం బొమ్మను తీసేయడంలో లేదు; అతడి ఎదుటే, అతడు అక్కడ లేనట్టు అతడి గురించి మాట్లాడకపోవడంలో, డబ్బు, ఓటు, వైద్యం విషయాల్లో అతడి మాట అడగడంలో ఉంది. కార్టూన్ చూసే మనిషి ఉద్యోగమూ చేయగలడు. ఇష్టాలను దాచుకొని అందరిలాగా నటించవలసి రావడం ఆటిజం ఉన్నవారిలో ఆందోళనకు, కుంగుబాటుకు తోడవుతోందని పరిశోధకులు చెబుతున్నారు.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని తన జాబితాలో చేర్చింది, 29వ సెక్షన్‌లో వినోదాన్నీ హక్కుగా పరిగణించింది. ఇంట్లో పాటించవలసినవి ఇంకా చిన్నవి: బొమ్మను శిక్షగా లాక్కోకూడదు, ప్రతి ఆటనూ పాఠంగా మార్చకూడదు, టీవీ కట్టేసే ముందు కాస్త ముందుగా చెప్పాలి. నిద్ర, తిండి దెబ్బతింటున్నా, ఒకప్పుడు నవ్వించిన కార్టూన్ ఇప్పుడు ఏడిపిస్తున్నా, కార్టూన్‌ను తప్పుపట్టే ముందు ఒంట్లో నొప్పో, బయట ఎవరి వేధింపో ఉందేమో చూసి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.