సగంలో ఆగిన బొంత

పిల్లలూ! మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఏదైనా ఉంటే, అమ్మనడిగి ఒకసారి మూత ఎత్తి అడుగున చూడండి. పాత నేతచీరలు పొరలు పొరలుగా పరిచి, సగందాకా కుట్టి, సూది అయినా తీయకుండా మడిచిపెట్టిన బొంత ఒకటి దొరికినా దొరకవచ్చు. ఇంట్లో ఎవరో పుట్టబోతున్నారని ఎప్పుడో మొదలుపెట్టి ఉంటారు. ఆ పుట్టినవారు ఈపాటికి ఏ ఆరో తరగతిలోనో ఉంటారు. అది మీరే అయినా ఆశ్చర్యం లేదు.

బొంత ఎందుకు ఆగిపోతుంది? బద్ధకం వల్ల అని తొందరపడి అనకండి. నేను బడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి గనక లెక్కవేసి చూపిస్తాను. బొంత పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు అనుకుందాం. అంగుళానికి ఒక వరస చొప్పున పొడుగునా కుట్టుకుంటూ పోతే 47 వరసలు వస్తాయి. (వెడల్పు 48 అంగుళాలు గదా, ఒకటి తగ్గిందేమని అడుగుతారు. కాగితం మీద గీసి చూడండి, తెలుస్తుంది.) అంగుళానికి 3 కుట్లు వేస్తే వరసకు 216 కుట్లు. మొత్తం 10,152 కుట్లు! వరసకు పావుగంట పట్టినా అంతా కలిసి 11 గంటల 45 నిమిషాలు. ఇంటి పనుల మధ్య అమ్మకు దొరికేది రోజుకొక పావుగంట. బొంత పరిచి మళ్ళీ మడిచేసరికే అది కాస్తా అయిపోతుంది.

అదే బొంతను వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి మూటకట్టి తీసుకువెళ్ళారనుకోండి. మధ్యాహ్నం ఎండకు ఎవరూ గడప దాటరు. అన్నాలు అయిన తరువాత అమ్మమ్మ, పెద్దమ్మ, అత్తయ్య, మీరు కలిసి నలుగురు చాప మీద కూర్చుంటే తలా మూడు గంటల పని. రోజుకొక గంట చొప్పున మూడు మధ్యాహ్నాల్లో ముగుస్తుంది. లెక్కలో ఇంత సులువు గనక నిజంలో ఐదారు రోజులు పడుతుందనుకోండి. మాటలు కూడా సాగుతాయి గదా!

అయితే వెళ్ళిన గంటకే హాలునిండా బొంత పరిచి కూర్చోవద్దు. అది వాళ్ళ ఇల్లు. "అత్తయ్యా, ఎక్కడ పరుచుకోమంటావు?" అని అడగండి. వాళ్ళింట్లో పక్కన పడేసిన పాత నూలుచీర ఏదైనా ఉంటే చల్లగా ఆ మాటా అడగండి. అక్కడి చీరముక్క ఒకటి మీ బొంతలో చేరితే ఎంత బాగుంటుంది! ఇప్పటి చీరల్లో పాలిస్టరు కలిసినవి చాలా ఉన్నాయి. అవి మెరుస్తాయి గాని చెమటను సరిగా పీల్చవు. బొంతకు ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డే మంచిది. కొత్తగుడ్డ వాడితే ముందుగా తడిపి ఆరవేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకు అదొక్కటే కుంచించుకుపోయి పక్క ముక్కలను లాగేస్తుంది.

పొరలన్నీ చదునుగా పరిచి, కదలకుండా ముందు పెద్ద పెద్ద టాకాలు వేయాలి. అసలు కుట్టు నడిమధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ సాగాలి. అప్పుడు ముడతలు అంచులకు జరిగి బయటికి పోతాయి. రెండు అంచుల నుంచి లోపలికి కుట్టుకు వస్తే మిగిలిన గుడ్డంతా నడుమ చేరి పొట్టలా ఉబ్బుతుంది. నలుగురున్నప్పుడు ఒక్కొక్క వైపు ఇద్దరు కూర్చుని, వరసలో సగం ఒకరు, సగం ఒకరు పంచుకోవచ్చు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. పిల్లలు వేసిన కుట్టు వంకరగా ఉంటుంది, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. వాళ్ళు నిద్రపోయాక దాన్ని విప్పి తిరిగి కుట్టే పెద్దలను చూశాను. అది నాకెంతమాత్రం నచ్చదు. వంకరకుట్టు కూడా పొరలను పట్టే ఉంచుతుంది.

మా అక్కయ్యగారింట్లో ఇటువంటి బొంతే ఉండేది. ఆమె అత్తగారు మొదలుపెట్టి, ఇరవై వరసలు కుట్టి, చూపు తగ్గి ఆపేశారు. తరువాత ఆవిడ పోయారు. ఆ బొంతను ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఒక వేసవిలో అక్కయ్య మనుమరాలు దాన్ని మా ఊరు తెచ్చి, "తాతయ్యా, దీన్ని పూర్తి చేస్తే ముత్తవ్వ కుట్టు పాడైపోతుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఆడవాళ్ళు రెండు రోజులు వాదించుకున్నారు. అలాగే దాచాలని కొందరు, కప్పుకోని బొంత ఎందుకని కొందరు. చివరకు ఆ పిల్లే ఉపాయం చెప్పింది. ముత్తవ్వ వాడినది తెల్లదారం. తాము ఎర్రదారంతో కుడతామంది. ఇప్పుడా బొంత కప్పుకున్నవారికి ఆవిడ చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో ఇట్టే తెలుస్తుంది. చివరి తెల్లవరసల్లో కుట్లు పెద్దవవుతూ వస్తాయి. చూపు తగ్గుతున్న సంగతి అందులోనే ఉంది.

బొంత వెచ్చదనం ఎక్కడిదో తెలుసునా? బొంత వేడిని పుట్టించదు. వేడి మన ఒంటిది. పొరల మధ్య చిక్కుకుని కదలలేని గాలి ఆ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. చలికి పిచ్చుకలు ఈకలు ఉబ్బించుకునేదీ ఇందుకే. అందుచేత మరీ దగ్గరదగ్గరగా కుట్టి బొంతను అట్టలా బిగించకూడదు, గాలికి చోటుండదు. బొంత తడిస్తే గాలి ఉండే చోట నీరు చేరుతుంది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోసుకుపోతుంది. తడి ఆరుతూ మరికొంత వేడిని లాగుతుంది. పెద్దవాళ్ళచేత రెండు గ్లాసుల్లో వేడినీళ్ళు పోయించి, ఒకదానికి పొడిగుడ్డ, రెండోదానికి తడిగుడ్డ చుట్టి, ఏది ముందు చల్లారుతుందో చూడండి.

పాతగుడ్డలతో బొంత కుట్టేది మనమొక్కరమే కాదు. బెంగాలులో దీన్ని కాంథా అంటారు. పాతచీర అంచుల్లోంచి లాగిన రంగుదారాలతోనే దాని మీద పువ్వులూ ఏనుగులూ కుట్టేవారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవి గ్రామాల్లో సిద్దీలని ఉన్నారు. వారి పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. సిద్దీ స్త్రీలు కుట్టే బొంత పేరు కవండి. వాళ్ళు ముక్కలను ఒక్కొక్కటే చేరుస్తూ, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు, మన పద్ధతికి తిరగవేతగా! నాలుగు మూలలా గుడ్డను మడిచి పువ్వు వంటిది కుడితేగాని దాన్ని పూర్తి అయినట్టు లెక్కపెట్టరు.

కుట్టేటప్పుడు ఒక నియమం మాత్రం తప్పకండి. కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టండి, లేచే ముందు మళ్ళీ లెక్కపెట్టండి. నాలుగు తెచ్చి మూడు కనిపిస్తే, నాలుగోది దొరికేదాకా పాకే పసివాళ్ళను అటు రానివ్వకూడదు. దారానికి అయస్కాంతం కట్టి చాప మీద నెమ్మదిగా ఈడ్చండి. సూది ఉక్కుది గనక ఎగిరి అంటుకుంటుంది.

వరసలన్నీ అయ్యాక చుట్టూ పాతచీర అంచుతో పట్టీ వేసి కుట్టండి. ఒక మూల సంవత్సరమూ, కుట్టినవారి పేర్ల మొదటి అక్షరాలూ దారంతో వేయండి. తరువాత టాకాలు లాగేసి, ఒకసారి ఉతికి నీడన ఆరవేయండి. బొంత కొద్దిగా ముడుచుకుని గరుకుగా కనిపిస్తుంది. పాడైందని ఇస్త్రీ పెట్టబోకండి. దాని అందమే అది.