మీకు తెలుసా? సైకిల్ మీద ఆఫీసుకు

సైకిల్ మీద పనికి వెళ్లడం ఈమధ్య పుట్టిన మోజు కాదు. వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లు రోజూ ఎలా వెళ్లొస్తున్నారో 2011 జనగణనలో అడిగారు. సుమారు 20 కోట్ల మందిలో 2.6 కోట్ల మంది సైకిల్ మీదే వెళ్తున్నామన్నారు. అంటే నూటికి 13 మంది. సెక్యూరిటీ గార్డులు, తాపీ పనివాళ్లు, పేపరు వేసే కుర్రాళ్లు... మీరు మొదలుపెట్టిన రోజు దారిలో తోడుండేది వీళ్లే. ఏ సందులోంచి వెళ్తే ఫ్లైఓవర్ ఎక్కే పని తప్పుతుందో వీళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. అడిగితే సంతోషంగా చెబుతారు.

ఆయాసం రాకుండా తొక్కినా గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు వెళ్లొచ్చు. ఆఫీసు 5 కిలోమీటర్ల దూరమైతే, సిగ్నళ్ల దగ్గర ఆగే సమయంతో కలిపి అరగంట చాలు. దీనికోసం ఖరీదైన సైకిలే కొనక్కర్లేదు. ఇంట్లో మూలన పడున్నదాన్ని ఓవరాలింగ్‌కు ఇచ్చి, బ్రేకు రబ్బర్లు మార్పించి, చైనుకు ఆయిల్ వేయిస్తే మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. కాకినాడలాంటి చదునైన ఊళ్లో గేర్లు లేకపోయినా లోటు తెలియదు. విశాఖలోనో, జూబ్లీహిల్స్ ఎత్తుల మీదో అయితే గేర్లు ఉండాల్సిందే.

మోకాళ్ల నొప్పికి చాలాసార్లు కారణం సీటు. నేర్చుకునే రోజుల్లో పడిపోతామనే భయంతో రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించుతారు. చాలామంది పెద్దయ్యాక కూడా దాన్ని అలాగే ఉంచేస్తారు. సరైన ఎత్తు తెలుసుకోవడం తేలిక. గోడను పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను పూర్తిగా కిందికి తెండి. కాలు నిటారుగా చాచుకుంటే ఎత్తు సరిపోయినట్టే. తొక్కేది పాదం ముందు భాగంతో కాబట్టి, అప్పుడు మోకాలి దగ్గర కొద్దిగా వంపు మిగులుతుంది. మిగలాల్సింది కూడా ఆ కొద్దిపాటి వంపే.

పంచర్ పడకపోయినా ట్యూబులో గాలి దిగుతుంది. రబ్బరు గుండానే కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అందుకే వారానికోసారి గాలి కొట్టించాలి. ఎంత పట్టించాలో టైరు పక్కభాగం మీదే అచ్చు వేసి ఉంటుంది. గాలి తక్కువున్న సైకిల్ తొక్కడానికి బరువు. గుంటలో పడిందంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇంతకీ సైకిల్‌కు గాలి టైరు తెచ్చిపెట్టినవాడు బెల్‌ఫాస్ట్‌లో ఉండే పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్. కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు లేకుండా నడవాలని తయారుచేసిన టైరుకు 1888లో పేటెంటు తీసుకున్నాడు.

చెమట సంగతి. వేగం రెట్టింపైతే ఎదురుగాలి నిరోధం నాలుగింతలవుతుంది. దాన్ని తట్టుకుని ముందుకెళ్లడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. కాబట్టి వేగం కాస్త తగ్గించినా శ్రమ చాలా తగ్గుతుంది. పైగా తొక్కుతున్నంతసేపూ గాలికి ఆరిపోయే చెమట, ఆగగానే ఒక్కసారిగా కమ్ముకొస్తుంది. ఆఖరి కిలోమీటరు తీరిగ్గా తొక్కండి. బ్యాగును వీపుకు తగిలించుకోకుండా క్యారియర్‌కు కట్టండి. ఆఫీసులో ఒక చొక్కా, తువ్వాలు ఉంచుకోండి.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 2.6 లక్షల మందిని సుమారు అయిదేళ్లు గమనించారు. సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. అదంతా సైకిల్ పుణ్యమేనని దీన్నిబట్టి రుజువు కాదు గానీ, తీసిపారేయాల్సిన తేడా కూడా కాదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు సోలార్ పలకల కప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించినప్పుడు దాని పొడవు 23 కిలోమీటర్లు. ఎండా వానా తగలవు. అయితే అక్కడిదాకా చేరాల్సింది బస్సులూ లారీలూ తిరిగే మామూలు రోడ్ల మీదే. ఉద్యోగికి కావాల్సింది ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా భయం లేని దారి. నెదర్లాండ్స్‌కు కూడా అది ఊరికే రాలేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి పట్టుబట్టారు. 1973 చమురు సంక్షోభం కూడా ఆ పోరాటానికి కలిసొచ్చింది. మన ఊళ్లలో సైకిల్ దారి అడగడం గొంతెమ్మ కోరిక కానే కాదు.

ఆగి ఉన్న కార్ల పక్కగా వెళ్లేటప్పుడు కనీసం మీటరు ఎడం ఉంచండి. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. కారు నడిపేవారికీ ఒక మాట. కుడి తలుపును ఎడమ చేత్తో తెరవండి. ఒళ్లు దానంతటదే తిరిగి, వెనక వచ్చే సైకిల్ కంటపడుతుంది. బ్రిటన్ 2022లో ఈ పద్ధతిని తన రహదారి నియమావళిలో చేర్చింది.

మొదలుపెట్టే ముందు ఆదివారం పొద్దున ఒకసారి ఆఫీసు దాకా తొక్కి రండి. ఎత్తులెక్కడ, గుంటలెక్కడ, పంచర్ షాపు ఎక్కడుందో తెలుస్తుంది. సైకిల్ ఎక్కడ పెట్టాలో గేటు దగ్గర అడిగి ఉంచుకోండి. తాళం చక్రానికి మాత్రమే వేయకుండా, ఫ్రేమును కూడా కలిపి కదలని కమ్మీకి వేయండి.