గళగ్రంథి మాంద్యము – ధాన్యాహారము

కంఠమున సీతాకోకచిలుక వలె నుండు గళగ్రంథి తగినంత రసము నీయనిచో దేహాగ్ని మందగించును. మేను నీరుపట్టి బరువెక్కును. 1891లో మర్రే యను నాంగ్ల వైద్యుడు గొఱ్ఱె గళగ్రంథి రసమును రోగిణికి సూదితో నెక్కించెను. ఆమె మఱి 28 ఏండ్లు జీవించెను. నేటి మాత్ర యా రసమునకు బదులు.

నంద్యాల, ఆళ్లగడ్డలయందు బరువు తగ్గగోరి వరియన్నము మాని కొఱ్ఱలు, సజ్జలు తినువారు కలరు. నంద్యాల పరిశోధనా స్థానము ‘సూర్యనంది’ యను కొఱ్ఱ వంగడమునే యిచ్చినది, మితముగా భుజింపుడు. సజ్జలలో మాత్రము అయొడీను గ్రంథికి బట్టకుండ నడ్డు పదార్థము కలదు. మూడుపూటల సజ్జరొట్టె యీ రోగులకు తగదు.

ధాన్యము మార్చితిమని మాత్ర మానుట యన్నిటికంటె నపాయము. రోగమువలన జేరిన బరువు స్వల్పము, అదియు చాలవఱకు నీరే. మిగిలినది భోజనము తగ్గింపక పోదు. మాత్రను ప్రాతఃకాలమున నీటితో మ్రింగి, యరగంట గడచిన పిమ్మటనే యంబలి త్రాగవలెను.