లైబ్రరీ మారిస్తే ఇండెక్స్ తెరుచుకోదు బాస్!

షాపింగ్ యాప్‌లో 'చీర' అని కొట్టగానే ఫలితాలు వచ్చేస్తాయి కదా. ఆ వెతుకులాట చేసే సర్వర్ల లోపల చాలాచోట్ల ఉండేది లూసీన్ అనే లైబ్రరీ. 1999లో డగ్ కటింగ్ రాశాడు. ఆయన భార్య పేరులోని మధ్య ముక్కే దీని పేరు. సోలర్ అయినా, ఎలాస్టిక్‌సెర్చ్ అయినా మేడలే వేరు, పునాది ఇదే.

మా టీమ్ సోలర్ 7 నుంచి 9కి మారాల్సి వచ్చింది. "నంబరే కదా, మార్చెయ్" అన్నారు పైవాళ్లు. అక్కడే ఉంది తిరకాసు! లూసీన్ 9కి 8లో పుట్టిన ఇండెక్స్ ఓకే, 7ది అంటే ససేమిరా. మధ్యలో 8తో తెరిచి తిరగరాసినా లాభం లేదు. మొదట ఏ వెర్షన్‌లో పుట్టిందో ఇండెక్స్ మీదే రాసి ఉంటుంది. ఎన్నిసార్లు మెర్జ్ చేసినా ఆ పుట్టుమచ్చ పోదు.

ఇది మొండితనం కాదు. ఇండెక్స్ అంటే పిండి పట్టిన బియ్యం లాంటిది. పదాలుగా విరిచి, పొడవులు కుదించి దాచాక అసలు రూపం తిరిగి రాదు. అందుకే మూల డేటా నుంచి మళ్లీ కట్టాల్సిందే.

మరి మూలం ఎక్కడ? సరుకుల వివరాలు డేటాబేస్‌లో ఉన్నాయి. పాత కస్టమర్ల రివ్యూలు మాత్రం సెర్చ్ సర్వర్‌లో తప్ప ఎక్కడా లేవు! స్కీమాలో ఆ ఫీల్డ్‌కి 'స్టోర్డ్' అని ఉంటేనే బయటికి లాగగలం. వణుకుతూ చూశాను. ఉంది. రెండు రాత్రులు లాగి, కొత్త సర్వర్‌లో నింపి, లెక్కలు సరిపోయాకే ట్రాఫిక్ అటు తిప్పాం.

అన్నట్టు, లూసీన్ 9లో తెలుగు అనలైజర్ కూడా ఉంది. దాన్ని ఇప్పుడు రివ్యూల మీద పరీక్షిస్తున్నా. పాత సర్వర్‌ని మాత్రం ఇంకా ఆపనివ్వలేదు.