అడవినాభి ఎండాకాలంలో ఎక్కడ దాక్కుంటుంది?

తొలకరి పడ్డాక భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి అంచుల్లో పొదల మీదికి ఓ తీగ పాకుతుంది. పూలు నిప్పు రాజుకున్నట్టుంటాయి. రేకుల అంచులు ముడతలు ముడతలు, ముందు పసుపు, తర్వాత ఎరుపు. అదే అడవినాభి. ఆకు కొనను దగ్గరగా చూడండి: సన్నని తోకలా సాగి, దొరికిన పుల్లను చుట్టేసుకుంటుంది!

పూత అయ్యాక తీగ ఎండిపోతుంది. చచ్చిపోయిందా? లేదు. ఆకులు ఎండలో తయారుచేసిన పిండిపదార్థం నేలలోని దుంపలో భద్రంగా ఉంటుంది. వేసవంతా నిద్ర, వాన తడి తగిలితే మొలక.

జనగామ పెరట్లోనైనా పెరుగుతుంది. దుంప నాగలిలా వంగి ఉంటుంది, అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు. మొలక కన్ను కొనలోనే ఉంటుంది. అది విరిగితే ఇక మొలవదు కాబట్టి దుంపను పడుకోబెట్టి మెల్లగా నాటాలి. నీరు నిలిస్తే కుళ్లిపోతుంది.

ఒక్కమాట, మరిచిపోవద్దు. ఈ మొక్క నిలువెల్లా విషం, దుంప మరీను. చిలగడదుంప అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో అసలు వద్దు. నాటే పని చేతితొడుగులు వేసుకుని పెద్దవాళ్లే చేయాలి. ఆ విషం పేరు కాల్చిసిన్. దాన్నే డాక్టర్లు అతి తక్కువ మోతాదులో గౌట్ అనే కీళ్లవాపుకు మందుగా ఇస్తారు.